పట్టణాల్లో వాననీటి సేకరణకు అనువైన స్థలాల ఎంపిక: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల

కడప జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 700 మి.మీ. 100 చదరపు మీటర్ల డాబాపై పడే ఈ వానలో 80 శాతాన్ని సేకరించగలిగితే ఏడాదికి 56,000 లీటర్ల నీరు లభిస్తుంది. ఆ నీటిని ఎక్కడ ఇంకించాలన్నదే అసలు సమస్య.

స్థల నిర్ణయానికి సాధారణంగా వాలు, నేల స్వభావం, భూ వినియోగం, వాగులు, శిలల రకం అనే అంశాలకు వేర్వేరు పటాలు రూపొందించి, ప్రాధాన్యాన్ని బట్టి విలువలు కట్టి, భౌగోళిక సమాచార వ్యవస్థ సాయంతో వాటిని ఒకదానిపై ఒకటి పేర్చి పరిశీలిస్తారు. ఈ పద్ధతి ఉపయోగకరమే గాని, ఉపగ్రహ చిత్రం చూపేది పైపొరను మాత్రమే.

స్థల పరీక్ష ఈ జిల్లాకు కొత్త కాదు. క్రీ.శ. 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం మంచి చెరువుకు 12 అంగాలను, 6 దోషాలను పేర్కొంటుంది. కట్ట నుండి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం ఆ దోషాలలోనివి. నేటి పట్టణాల్లో చివరి దోషానికి సాటి, రెండు శాఖల అధీనం మధ్య నలిగే ఖాళీ స్థలం.

పెన్నా తీరాన ఉన్న ప్రొద్దుటూరు పరిసరాల్లో నల్లరేగడి విస్తారం. ఎండిన రేగడి పగుళ్లు తొలి వానను తాగుతాయి. నేల ఉబ్బగానే పగుళ్లు మూసుకుపోతాయి. అందువల్ల ఇంకుడు గుంత బంకమట్టి పొరను దాటి కిందికి వెళ్లాలి. వానాకాలం తరువాత నీటిమట్టం 3 మీటర్లలోపే ఉండే చోట ఇంకుడు గుంతతో ప్రయోజనం స్వల్పం. అక్కడ తొట్టెలో నిల్వ చేసుకోవడమే మేలు.

జమ్మలమడుగు ప్రాంతపు నాపరాయిలో చిక్కు వేరు. సున్నపురాతి పగుళ్లలో నీరు వడగట్టబడకుండానే వేగంగా సాగుతుంది. మరుగుదొడ్డి గుంతకు, మురుగు కాలువకు దగ్గరగా తవ్విన ఇంకుడు గుంత పొరుగువారి బోరుబావిని కలుషితం చేయగలదు. ఇక్కడ నీరు చాలా త్వరగా ఇంకడం మంచి స్థలానికి గుర్తు కాదు, హెచ్చరిక.

పులివెందుల వైపు గట్టి శిలలు అధికం. పగుళ్లున్న చోటే నీరు దిగుతుంది గనుక గుట్టల పాదాల వద్ద ఊట కుంటలు, పట్టణంలో వడపోతతో కూడిన ఎండిన బోర్లు పరిశీలించదగినవి.

ఎంపికైన ప్రతి స్థలంలోనూ చిన్న గుంత తవ్వి, నీరు నింపి, మట్టం తగ్గే వేగాన్ని గంట గంటకూ నమోదు చేయాలి. రేగడి నేలలో ఈ పరీక్షను ఎండిన మట్టిపై గాక, ముందురోజే బాగా నానబెట్టిన మట్టిపై జరపాలి.