మొరాయించిన చక్రము

పులికాట్ సరస్సు మన దేశమందలి ఉప్పునీటి సరస్సులలో చిలికా తరువాత పెద్దది. 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో, సూళ్ళూరుపేట నుండి శ్రీహరికోటకు పోవు బాట ఈ సరస్సు నడుమగా సాగును. ఇచ్చటి గాలి మనకు హాయి గూర్చును. కాని అందలి ఉప్పుతేమ ఇనుమునకు శత్రువు. అందుచే ఇట్టి తీరప్రాంతములలో కారు టైరు మార్చునపుడు, నట్లన్నియు విప్పినను ఒక్కొక్కసారి చక్రము ఊడిరాదు.

దీనికి కారణమేమి? చక్రము నడుమనున్న రంధ్రము, హబ్ అను ఇనుప భాగముపై బిగుతుగా కూర్చుండును. ఆ సందున ఉప్పునీరు చేరినచో తుప్పు త్వరగా పుట్టును. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. కావున సందు నిండి, రెండును అతికినట్లు పట్టుకొనును. చక్రము అల్యూమినియం మిశ్రలోహముతో చేసినదైనచో, రెండు లోహముల నడుమ చేరిన ఉప్పునీటివలన విద్యుద్ఘటమందువలె చర్య జరిగి, అల్యూమినియం క్షయించి పొడియై బిగుసుకొనును.

ఇట్టి వేళ కొందరు విసిగి, జాకీపై నిలిచిన కారు క్రిందికి దూరి చక్రమును లోపలినుండి మోదుదురు. ఇది ప్రాణాపాయము. జాకీ కారును ఎత్తుటకే గాని, దాని క్రింద మనుష్యుని కాపాడుటకు కాదు. ఆ దెబ్బలకు జాకీ ఒరిగినచో, టన్ను బరువు మీద పడును.

మరి చేయవలసినదేమి? కారును చదునైన గట్టినేలపై నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఎదుటివైపు చక్రములకు ముందు వెనుకల రాళ్ళు పెట్టవలెను. నట్లను పూర్తిగా తీయక, రెండేసి చుట్లు మాత్రమే వదులు చేసి, జాకీ దించి చక్రమును నేలకు ఆనించవలెను. పిదప ఇద్దరు కారు ప్రక్కన నిలిచి మెల్లగా అటునిటు ఊపవలెను. కారు బరువే తుప్పు పట్టును విడిపించును. నట్లు ఉన్నందున చక్రము ఊడి పడిపోదు. అప్పటికిని రానిచో, చక్రము నడిమి అంచున తుప్పు వదల్చు నూనె కొద్దిగా పోసి, కొంతసేపు ఆగి, మరల ఊపవలెను. ఆ నూనె బ్రేకుపై పడరాదు.

చక్రము వచ్చినపిదప హబ్ మీది తుప్పును తీగ బ్రష్షుతో గీకి, అంచున పలుచగా గ్రీజు పూయవలెను. మరలకును బ్రేకునకును అది తగులరాదు. క్రొత్త చక్రము తొడిగి, నట్లను వరుసగా గాక ఎదురెదురుగా బిగింపవలెను. సుమారు 50 కిలోమీటర్లు పోయిన తరువాత బిగుతును మరల చూడవలెను.

విద్యార్థులారా! ఇంట పెద్దలు ఈ పని చేయునపుడు మీరు తోడ్పడుదురు. దీపము పట్టుడు, రాళ్ళు తెచ్చి ఇండు; కాని ఎత్తిన కారు క్రిందికి చేయియైనను చాపకుడు, పెద్దలను చాపనీయకుడు. మొండి చక్రమును గెలుచునది కోపము కాదు. అది ఏల పట్టుకొన్నదో తెలిసిన బుద్ధియే.