కంప్యూటర్‌లో తాళం వేసిన గదులు

హాస్టల్‌లో మన ట్రంకుపెట్టె తాళం మన దగ్గర, స్టోర్‌రూం తాళం వార్డెన్‌గారి దగ్గర ఉంటాయి. విండోస్ కంప్యూటర్‌లోనూ అంతే. మన ఫైళ్ళు ‘యూజర్స్’ ఫోల్డర్‌లో మన పేరు కింద ఉంటాయి. ‘విండోస్’, ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ ఫోల్డర్లను స్టాండర్డ్ ఖాతాతో మార్చలేము. 2007లో ఇళ్ళకు వచ్చిన విస్టా నుండి, ఇలాంటి మార్పులకు అడ్మినిస్ట్రేటర్‌ను కూడా ముందుగా అనుమతి అడుగుతుంది.

ఎందుకీ కట్టుబాటు? మనం తెలియక తెరిచిన వైరస్ సాధారణంగా మన హక్కులతోనే పనిచేస్తుంది. అందుకే రోజువారీ పనికి స్టాండర్డ్ ఖాతా చాలు. స్థలం కోసం ‘సిస్టం 32’ జోలికి పోవద్దు. అక్కరలేని ప్రోగ్రాంలను సెట్టింగ్స్‌లో నుండి తొలగించండి.

అయితే ఒక్క మాట. మన హక్కులతో వచ్చిన వైరస్ మన పెట్టెను తెరవగలదు. కాబట్టి ప్రాజెక్టు రిపోర్టు నకలు పెన్‌డ్రైవ్‌లో పెట్టి, దాన్ని విడిగా దాచుకోండి.