ఉష్ణమాపక క్రమాంకనం – శీతలీకరణ వక్రం

పోటీ పరీక్షల ప్రత్యేకం: భౌతికశాస్త్రం

• అధో స్థిర స్థానం: కరుగుతున్న శుద్ధమైన మంచు ఉష్ణోగ్రత, 0 డిగ్రీల సెల్సియస్.

• ఊర్ధ్వ స్థిర స్థానం: 760 మి.మీ. పాదరస పీడనం వద్ద మరుగుతున్న నీటి ఆవిరి ఉష్ణోగ్రత, 100 డిగ్రీలు.

• ఈ రెంటి మధ్య దూరాన్ని సెల్సియస్ మానంలో 100, ఫారన్‌హీట్ మానంలో 180 సమ భాగాలు చేస్తారు. రెండు మానాలూ ఒకే విలువను చూపేది మైనస్ 40 వద్ద.

• 1742లో ఆండర్స్ సెల్సియస్ నీరు మరిగే స్థానాన్ని 0గా, గడ్డకట్టే స్థానాన్ని 100గా తీసుకున్నాడు. తర్వాత వాటిని తారుమారు చేశారు.

• కరిగిన నాఫ్తలీన్ చల్లారుతున్నప్పుడు కాలం, ఉష్ణోగ్రతలతో గీసే గ్రాఫే శీతలీకరణ వక్రం. సుమారు 80 డిగ్రీల వద్ద అది కాలాక్షానికి సమాంతరంగా సాగుతుంది. ఘనీభవనంలో విడుదలయ్యే గుప్తోష్ణమే ఇందుకు కారణం.

గుర్తుంచుకోండి: స్థిర పీడనం వద్ద శుద్ధ పదార్థం స్థితి మారుతున్నంతసేపూ ఉష్ణోగ్రత మారదు.