తెలుగక్షరములు – కంప్యూటరు సంకేతములు

కంప్యూటరునకు అక్షరములు తెలియవు. సంఖ్యలు మాత్రమే తెలియును. మనము 'క' అని టైపు చేసినపుడు అది దాచుకొనునది ఆ అక్షరమునకు నియమింపబడిన సంఖ్యను. ఏ అక్షరమునకు ఏ సంఖ్య, ఆ సంఖ్యను ఫైలులో ఏ రీతిగా వ్రాయవలెను అను ఏర్పాటునకే ఎన్‌కోడింగు అని పేరు. తరగతి పేర్ల పట్టికను ఒక ప్రోగ్రామునుండి మరియొక దానికి పంపునపుడు చిక్కంతయు ఇచ్చటనే పుట్టుచున్నది. ఏలయన, సాదా ఫైలులో సంఖ్యలుండునే కాని, అవి ఏ ఏర్పాటు ప్రకారము వ్రాయబడినవో తెలుపు చీటి సాధారణముగా ఉండదు. తెరచు ప్రోగ్రాము ఊహించుకొనవలసినదే.

1963లో అమెరికాలో వెలువడిన ఆస్కీ పద్ధతిలో 128 స్థానములే కలవు. రోమను లిపికి అవి చాలినవి. మన లిపులకు చోటు లేకపోయినది. 1991లో తొలిసారి ప్రకటింపబడిన యూనికోడ్ మన లిపులకును చోటిచ్చినది. అందు తెలుగునకు 3072 మొదలు 3199 వరకు గల స్థానములు కేటాయింపబడినవి. తెలుగు 'క' సంఖ్య 3093. కన్నడ 'క' సంఖ్య 3221. తేడా సరిగా 128. ఖ, గ లకును అంతియే. భారతీయ లిపుల కొరకు మన దేశమున రూపొందిన ఇస్కీ ప్రమాణపు 1988 నాటి వరుసను యూనికోడ్ అనుసరించుటచే ఈ పోలిక ఏర్పడినది. ఆంధ్రప్రదేశమున శిక్షణ పొంది, ఇచ్చటకు వచ్చిన పిమ్మట కన్నడ ఓనమాలు దిద్దిన మాకు ఈ వరుసలోని సొగసు బాగుగా తెలియును.

ఇక అసలు సంగతి. ఒక బైటులో 255కు మించిన సంఖ్య పట్టదు. కావున యూటీఎఫ్-8 అను పద్ధతిలో 'క' అక్షరము 224, 176, 149 అను మూడు బైట్లుగా వ్రాయబడును. ఈ ఫైలును పాశ్చాత్య భాషలకు చెందిన విండోస్-1252 పద్ధతిదని భ్రమించి తెరచిన ప్రోగ్రాము, మూడు బైట్లను మూడు వేరు గుర్తులుగా చూపును: నెత్తిన వాలుగీత గల రోమను 'ఏ', చిన్న సున్న, ఒక నల్లచుక్క. తెరనిండ ఇట్టి 'ఏ'లు కనబడినచో బెదరవలదు. అక్షరములు చెడలేదు; చదువుట చెడినది. ఏమియు సేవ్ చేయక మూసివేసి, యూటీఎఫ్-8 అని చెప్పి మరల తెరచిన చాలును.

ప్రశ్నార్థకములు కనబడుట మాత్రము వేరు సంగతి. తెలుగునకు చోటులేని పద్ధతిలో సేవ్ చేసినపుడు ప్రోగ్రాము ఒక్కొక్క సంకేతమును తీసివేసి, దాని స్థానమున ఒక ప్రశ్నార్థకమును నిలుపును. 'లక్ష్మి' అను పేరులో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు సంకేతములు కలవు. 'సరస్వతి'లోను ఏడే. ఇద్దరును ఏడేసి ప్రశ్నార్థకములగుదురు! ఎవరి మార్కులు ఎవరివో ఆ ఫైలునుబట్టి చెప్పుట ఎవరి తరమును కాదు. మూలప్రతి వేరుగా ఉండినగాని ఆ పేర్లు తిరిగిరావు.

ఎక్సెల్‌లో సేవ్ చేయునపుడు వట్టి 'సీఎస్‌వీ' కాక 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అనుదానిని ఎన్నుకొనవలెను. అప్పుడది ఫైలు మొదట 239, 187, 191 అను మూడు బైట్లను గుర్తుగా చేర్చును. చీటి లేని లోటు కొంత తీరును. ఇతరులు పంపిన సీఎస్‌వీ ఫైలును రెండుసార్లు నొక్కి తెరచుటకంటె, 'డేటా' మెనూద్వారా తెచ్చుకొని 65001 అను సంఖ్య గల యూటీఎఫ్-8ను చూపుట మేలు. లిబ్రే ఆఫీసు తెరచునపుడే ఈ ప్రశ్న అడుగును; మా దృష్టిలో అదియే మంచి పద్ధతి. ఖాళీ చతురస్రములు కనబడినచో, తరచుగా తగిన ఫాంటు లేకపోవుటయే కారణము.

అచ్చుపనికై అను ఫాంట్లలో కూర్చిన పాత ఫైళ్లకు ఈ మందు పనిచేయదు. వానిలో రోమను అక్షరముల సంఖ్యలకే తెలుగు రూపములు తొడిగినారు. వానిని మార్పిడి సాధనముతో యూనికోడ్‌లోనికి మార్చి, వత్తులను మరల కంటితో సరిచూడవలెను.

అభ్యాసము: 'శ్రీ' చూచుటకు ఒక్క అక్షరమే, సంకేతములు నాలుగు, యూటీఎఫ్-8లో బైట్లు పన్నెండు. మీ పేరును, మీ తల్లిదండ్రుల పేర్లను ఇట్లే విడదీసి లెక్కించి తెండు.