మామూలు ముత్తాతను వెతకండి

రాజుల వంశాలు మనకు కంఠతా వచ్చు. సొంత ముత్తాత సంగతి అడిగితే మాత్రం పేరు దగ్గరే ఆగిపోతాం. ఆయన యుద్ధాలు గెలవలేదు, కోటలు కట్టించలేదు. మన నెల్లూరు జిల్లా మైపాడు ఒడ్డున వల లాగి ఉంటాడు, లేదా ఇందుకూరుపేట పొలాల్లో నాగలి పట్టి ఉంటాడు. అప్పు చేశాడు, తీర్చాడు, పిల్లల్ని పెంచాడు. మనం నేర్చుకోవాల్సింది ఆ బతుకులోనే ఉంది. అది వెతికితే దొరుకుతుంది.

ముందు ఇంట్లో అడగండి

అందరికన్నా పెద్దామె పక్కన కూర్చోండి. "మీ నాయన ఏ సంవత్సరంలో పుట్టాడు జేజీ?" అంటే జవాబు రాకపోవచ్చు. "పెద్ద గాలివానకు ముందే ఆయనకు పెళ్లయిందా?" అనండి, కథ మొదలవుతుంది. ఆ గాలివాన, అంటే 1927 నవంబరులో నెల్లూరును కొట్టిన తుఫాను, ప్రభవ సంవత్సరంలో వచ్చింది. కానీ ప్రభవ 60 ఏళ్లకోసారి తిరిగొస్తుంది, 1867లోనూ వచ్చింది. అందుకే "ప్రభవలో పుట్టాడు" అన్న మాటను మరో సంగతితో సరిచూసుకున్నాకే రాసుకోండి. విన్నదాన్ని నిర్ధారించుకునే అలవాటు మీకు ఉద్యోగంలోనూ అక్కరకొస్తుంది.

తర్వాత కాగితాలు తీయండి

ట్రంకుపెట్టె అడుగున పాత దస్తావేజు ఉందేమో చూడండి. చివర వేలిముద్ర, దాని పక్కన "ఇది ఫలానావారి నిశాని" అని లేఖరి రాత ఉంటాయి. పైన తండ్రి పేరు, నాలుగు హద్దులు, సాక్షులు. పొలం ఎంతకు అమ్మాడో ఉంటుంది, ఏ అవసరానికి అమ్మాడో కూడా ఒక్కోసారి ఉంటుంది. కాగితం పోయిందా? రిజిస్టరైన స్థిరాస్తి దస్తావేజైతే, రిజిస్ట్రేషన్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి రుసుము కట్టి నకలు అడగవచ్చు. భూమి లేని కుటుంబమైతే బడి అడ్మిషన్ రిజిస్టరు వెతకండి. 1953 అక్టోబరు 1 దాకా నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే. కాబట్టి పాత రికార్డుల కోసం చెన్నై ఎగ్మోరులోని ఆర్కైవ్స్ దాకా వెళ్లాల్సి రావచ్చు.

సముద్రం దాటినవాళ్ల జాడ

1860 అక్టోబరులో మద్రాసులో కూలీలతో బయలుదేరిన ట్రూరో ఓడ నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. 1911 దాకా లక్షన్నర మందికి పైగా మనదేశం నుంచి డర్బన్ ఉన్న నేటాల్‌ ప్రాంతానికి కూలికి వెళ్లారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఓడ జాబితాలో ఒక్కొక్కరికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు. ఆ ఒక్క వరుస పట్టుకుని అక్కడి మునిమనవలు తమ ఊరు వెతుక్కుంటున్నారు. ఊళ్లోనే ఉన్న మనకు అంతకన్నా సులువు.

దొరికింది దాచకండి

అప్పు, కోర్టు తగాదా, రెండో పెళ్లి బయటపడితే కప్పిపుచ్చాలనిపిస్తుంది. ఉన్నది ఉన్నట్టు రాయండి. నిజాన్ని ఒప్పుకోగలగడమే ఆత్మగౌరవానికి పునాది. "ఇంత కష్టం మా ఇంట్లో ఎవరికీ రాలేదు" అని మీరు కుంగిపోయిన రోజున ఆ దస్తావేజు తీసి చదవండి. ఉన్న ఎకరం అమ్ముకున్న మనిషి కూడా సంసారాన్ని ఒడ్డుకు చేర్చాడు. మీరు పుట్టి పెరగడమే అందుకు రుజువు.

ఈ ఆదివారమే ఒక నోటుబుక్కు తీసుకోండి. పేజీని మూడు భాగాలు చేయండి: విన్నది, చూసింది, తేలాల్సింది. మొదటి భాగం ముందు నింపండి. దస్తావేజుకు నకలు దొరుకుతుంది, పెద్దవాళ్ల మాటకు దొరకదు.