సూది గుచ్చేముందు ఒక్క నిమిషం



పోయిన రంజాన్ తర్వాత జరిగిన సమావేశంలో ఒక దాత కాస్త నొచ్చుకుంటూ అడిగారు: "డాక్టరుగారూ, మన జకాత్ నిధి నుంచి ఆ పెద్దాయన బయాప్సీకి డబ్బు కట్టాం. తెల్లవారుజామున బయల్దేరి 60 కిలోమీటర్లు వచ్చాడు. బల్ల మీద పడుకోబెట్టి, మళ్లీ లేపి ఇంటికి పంపేశారట. ఇదేం పద్ధతి?" ఆ రోజు రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాను. ఆయన్ను లేపి పంపింది నేనే కాబట్టి ఇప్పుడు వివరంగా చెబుతాను.

రేడియాలజీ అంటే ఎక్స్‌రే తీయడమే అని చాలామంది అనుకుంటారు. ఇప్పుడు స్కానింగ్‌లో చూస్తూ ఊపిరితిత్తిలోని గడ్డ నుంచి సూదితో ముక్క తీస్తాం, కాలేయంలో చీము పడితే గొట్టం వేస్తాం, మూసుకుపోయిన రక్తనాళం తెరుస్తాం. పెద్ద కోత ఉండదు, కుట్లు ఉండవు. అందుకే రోగికీ, బంధువులకీ, ఒక్కోసారి మాకూ ఇది చిన్న పని అనిపిస్తుంది. కానీ లోపల రక్తం కారడం మొదలైతే అది కంటికి కనబడదు.

ఆ పెద్దాయనకు 3 నెలల ముందే గుండెకు స్టెంట్ వేశారు. రోజూ క్లోపిడోగ్రెల్ మాత్ర వేసుకుంటున్నాడు. మాకు వచ్చిన చీటీలో ఆ సంగతి లేదు. గుండె మాత్రల గురించి ఊపిరితిత్తుల పరీక్షలో ఎందుకు చెప్పాలని ఆయనా చెప్పలేదు. నర్సు చేతిలోని పట్టిక చదువుతూ "రక్తం పలచబడే మాత్రలేమైనా వాడుతున్నారా?" అని అడిగాక, కొడుకు జేబులోంచి మాత్రల అట్ట తీశాడు. ఆ మాత్ర వాడుతుండగా గుచ్చితే రక్తం ఆగకపోవచ్చు. మా అంతట మేం మాత్ర ఆపితే కొత్త స్టెంట్ మూసుకుపోవచ్చు. గుండె డాక్టరుతో మాట్లాడకుండా ముందుకు వెళ్లే దారి లేదు. అందుకే పంపేశాను.

ఈ పట్టిక నా సొంత ఆలోచన కాదు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ల కోసం 19 అంశాల పట్టిక విడుదల చేసింది. సర్జన్ అతుల్ గవాండే బృందం మన ఢిల్లీతో సహా 8 నగరాల్లోని 8 ఆసుపత్రుల్లో దాన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించింది. ఆపరేషన్ తర్వాతి తీవ్ర సమస్యలు 11 శాతం నుంచి 7 శాతానికి, మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. తర్వాత బ్రిటన్‌లోనూ, ఐరోపాలోనూ రేడియాలజీ సంఘాలు దాన్ని తమ పనికి తగినట్టు మార్చుకున్నాయి. అయితే కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల లెక్కలు 2014లో వెలువడినప్పుడు చెప్పుకోదగ్గ తగ్గుదల కనబడలేదు. కారణాల మీద వాదన ఉంది. నా అనుభవంలో మాత్రం, పని అయ్యాక ఒకేసారి అన్ని గళ్లలో టిక్కులు పెట్టిన కాగితం ఎవరినీ కాపాడదు. అందరూ చేతిలో పని ఆపి, పైకి చదివి, జవాబు వినాలి.

మనవాళ్ల పేర్ల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ఒకే ఉదయం వరండాలో ఇద్దరు షేక్ మస్తాన్‌లు, ముగ్గురు షేక్ మీరాబీలు కూర్చుని ఉంటారు. చాలా ఏళ్ల కిందట, వేరే చోట పనిచేస్తున్న రోజుల్లో, మస్తాన్ అని పిలిస్తే ఒక మనిషి లేచి వచ్చాడు. ఛాతీలో కుడివైపు నీరు తీయాలి. చర్మానికి మందు రాశాను, సూది సిద్ధంగా ఉంది. స్కాన్‌లో చూస్తే నీరు లేదు. రెండు నిమిషాలు వెతికాను. యంత్రం తప్పేమో అనుకున్నానుగానీ, మనిషి తప్పేమో అనుకోలేదు. అప్పుడు తలుపు దగ్గరున్న వార్డుబాయ్ మెల్లగా, "సార్, నీరు తీయాల్సిన మస్తాన్ బయటే ఉన్నాడు" అన్నాడు. ముందే ఎందుకు చెప్పలేదంటే, "మీకు తెలుసనుకున్నా సార్" అన్నాడు. ఇప్పుడు మేం పేరు చెప్పి అవునా అని అడగం. మీ పేరు, తండ్రి పేరు, ఊరు, ఏ వైపు అని రోగి నోటితోనే చెప్పించుకుంటాం. గదిలో ఎవరికి సందేహం వచ్చినా ఆ నిమిషంలో మాట్లాడతారు, వార్డుబాయ్ అయినా సరే.

కొన్ని ప్రశ్నలకు మర్యాద కూడా కావాలి. కొత్త కోడలిని అత్తగారి ముందు నెల తప్పిందా అని అడిగితే నిజం రాదు. ఆడ సిబ్బంది విడిగా తీసుకెళ్లి అడుగుతారు.

ఎం.ఆర్.ఐ. గదిది ఇంకో కథ. అక్కడి అయస్కాంతం స్కాన్ జరగనప్పుడు కూడా లాగుతూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబైలో రోగి బంధువు ఒకరు ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని ఆ గదిలోకి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నారు. మన దగ్గర హిజాబ్ పిన్నులు, తాయెత్తు రేకులు ఎక్కువ. తాయెత్తు కట్టుకోవచ్చా లేదా అన్నది ఉలమాలకు వదిలేస్తున్నాను. నాకు కావలసింది ఆ రేకు బయట ఉండటం.

ఇన్ని ప్రశ్నలు అడిగించుకోవడం పేరున్న డాక్టర్లు కొందరికి అవమానంగా ఉంటుంది. ఖుర్‌ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ సూరె బఖరాలోని 282వది. అది అప్పును రాసుకోవడం గురించి, సాక్షులను పెట్టుకోవడం గురించి. నమ్మకస్తులైన విశ్వాసులకే ఆ ఆదేశం. రూపాయల విషయంలోనే అంత జాగ్రత్త ఉంటే, ఊపిరితిత్తిలోకి సూది పంపేటప్పుడు రాసుకోవడానికి నామోషీ ఎందుకో నాకు అర్థం కాదు.

సంఘం సహాయ దరఖాస్తులో ఇప్పటివరకు ఆదాయం, రేషన్ కార్డు వివరాలే అడుగుతున్నాం. ఈ ఏడాది నుంచి మరో 4 వరుసలు చేర్చమని కోరాను: తండ్రి లేదా భర్త పేరు, ఊరు, రోజూ వాడే మాత్రలు, వీలైతే అట్టలతో సహా, ఒంట్లో అమర్చిన పేస్‌మేకర్, రాడ్, క్లిప్‌లాంటివి, పడని మందులు, కిడ్నీ జబ్బు. దరఖాస్తు రాయించే మన కుర్రాళ్లు ఇవి అడిగితే, రోగి బల్ల మీదికి వచ్చాక తిరిగి వెళ్లాల్సిన అవసరం చాలావరకు తప్పుతుంది. అయినా కొందరు తిరిగి వెళ్లాల్సే వస్తుంది.

ఆ పెద్దాయన గుండె డాక్టరు చెప్పిన తేదీకి మళ్లీ వచ్చాడు, బయాప్సీ అయింది. రెండోసారి బస్సు ఛార్జీలు కొడుకే ఎవరి దగ్గరో చేబదులు తెచ్చాడని తర్వాత తెలిసింది. మన పద్దుల్లో స్కానింగ్ ఫీజుకు ఖాతా ఉంది, రెండో ప్రయాణానికి లేదు. ఆ ఖాతా తెరవమని కార్యవర్గానికి ఉత్తరం ఇచ్చాను.