బోరుబావి సేద్యంలో ఇంధన పొదుపు – సౌర పంపుసెట్టు పరిమాణ నిర్ణయం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుండి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అమలులోకి వచ్చింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి అది 24 గంటల సరఫరాగా మారింది. బిల్లు లేనందున, పంపుసెట్టు ఎంత విద్యుత్తును వృథా చేస్తున్నదో రైతుకు తెలిసే అవకాశం తగ్గింది. 2019లో ప్రారంభమైన పి.ఎం. కుసుమ్ పథకం ద్వారా సౌర పంపుసెట్ల వినియోగం పెరుగుతున్న ఈ దశలో, ముందుగా ఆ వృథాను సరిదిద్దాలి. లేనిచో అది అదనపు సౌర ఫలకాల ఖర్చుగా రైతుపై పడుతుంది.

నీటిని ఎత్తడానికి కావలసిన శక్తి

ఒక ఘనపు మీటరు (1000 లీటర్లు) నీటిని 100 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి సిద్ధాంతరీత్యా 0.27 యూనిట్ల విద్యుత్తు చాలు. ఎకరం వరి పొలానికి 5 సెం.మీ. లోతున ఒక తడి ఇవ్వడానికి సుమారు 202 ఘనపు మీటర్ల నీరు అవసరం. పైపులలోని ఘర్షణతో కలిపి మొత్తం ఎత్తు 60 మీటర్లు అయితే, ఈ తడికి కావలసిన శక్తి 33 యూనిట్లు. మోటారు, పంపుల ఉమ్మడి సామర్థ్యం 30 శాతమైతే 110 యూనిట్లు ఖర్చవుతాయి. 50 శాతమైతే 66 యూనిట్లు సరిపోతాయి. నీరు అంతే, ఎత్తు అంతే. తేడా మాత్రం 44 యూనిట్లు.

వృథాకు కారణాలు, నివారణ

1. పంపు ఎంపిక: ప్రతి పంపు నిర్దిష్టమైన ఎత్తు, నీటి విడుదల వద్ద మాత్రమే అత్యధిక సామర్థ్యంతో పనిచేస్తుంది. బోరు నీటిమట్టాన్ని కొలవకుండా, పక్క రైతును చూసి అధిక హార్స్‌పవర్ మోటారు కొనడం తగదు. స్టార్ రేటింగు గల పంపుసెట్టును బోరు లోతుకు, దిగుబడికి తగినట్లుగా ఎంచుకోవాలి.

2. పైపు వ్యాసం: నీటి విడుదల మారనప్పుడు, ఘర్షణ నష్టం వ్యాసం యొక్క అయిదవ ఘాతానికి విలోమంగా ఉంటుంది. లోపలి వ్యాసం 63 మి.మీ. నుండి 75 మి.మీ.కు పెరిగితే ఈ నష్టం సగానికి పైగా తగ్గుతుంది. అనవసరమైన బెండ్లను కూడా తొలగించాలి.

3. కెపాసిటరు: తగిన కెపాసిటరును అమర్చితే లైనులో కరెంటు తగ్గి, తీగలలో నష్టం తగ్గుతుంది, వోల్టేజి మెరుగుపడుతుంది.

4. తడుల సంఖ్య: వరిలో రంధ్రాలు గల గొట్టాన్ని మడిలో పాతి, నీటిమట్టం నేల ఉపరితలానికి 15 సెం.మీ. దిగువకు చేరినప్పుడు తిరిగి తడి ఇవ్వవచ్చు. పూత దశకు వారం ముందు నుండి వారం తరువాత వరకు మాత్రం మడిలో నీరు నిలిపి ఉంచాలి. కరెంటు వచ్చినంతసేపు నీటిని తోడే ఆటో స్టార్టరు ఈ పద్ధతికి ఆటంకం.

పై ఉదాహరణలో 20 తడులు 15కు తగ్గి, సామర్థ్యం 50 శాతానికి పెరిగిందనుకుంటే, పంటకాలపు వినియోగం 2200 యూనిట్ల నుండి 990 యూనిట్లకు దిగుతుంది.

సౌర ఫలకాల పరిమాణం

నాలుగు రోజులకు ఒక తడి చొప్పున, రోజుకు అవసరమయ్యే విద్యుత్తు 30 శాతం సామర్థ్యం వద్ద 27.5 యూనిట్లు, 50 శాతం వద్ద 16.5 యూనిట్లు. ఒక కిలోవాట్ ఫలకాలు రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తాయనుకుంటే, మొదటి సందర్భంలో సుమారు 7 కిలోవాట్లు, రెండవ సందర్భంలో సుమారు 4 కిలోవాట్లు కావాలి. పూత దశలో నీటి అవసరం తగ్గదు కనుక, తడుల పొదుపును చూపి ఫలకాలను ఇంతకంటే తగ్గించరాదు. వేడి పెరిగేకొద్దీ ఉత్పత్తి తగ్గుతుంది. దుమ్ము పేరుకున్నా అంతే. అందుచేత ఫలకాలను నీడ పడనిచోట, గాలి ఆడేలా అమర్చి, తరచుగా శుభ్రపరచాలి.

భూగర్భ జలంపై ప్రభావం

సౌర పంపు ఒకసారి నెలకొల్పిన తరువాత నీటిని తోడే ఖర్చు దాదాపు శూన్యం. ఈ విషయంలో అది ఉచిత విద్యుత్తు వంటిదే. నీటిమట్టం పడిపోయే ప్రమాదం అలాగే ఉంటుంది. ఫలకాలను గ్రిడ్‌కు అనుసంధానించి, మిగులు విద్యుత్తును అమ్ముకునే అవకాశం కల్పిస్తే, తోడని నీటికీ విలువ వస్తుంది. గుజరాత్‌లోని ధుండి గ్రామ రైతులు సహకార సంఘంగా ఏర్పడి, 2016 నుండి ఈ మార్గాన్ని అనుసరించారు. కుసుమ్ పథకంలోని ‘సి’ విభాగం కూడా గ్రిడ్ అనుసంధానానికి ఉద్దేశించినదే.

ముగింపు

సౌర పంపుసెట్టును సిఫారసు చేసే విస్తరణ శాస్త్రవేత్తలు మొదట పంట నీటి అవసరాన్ని, తరువాత బోరు నీటిమట్టాన్ని, పైపులను, పంపు సామర్థ్యాన్ని పరిశీలించి, చివరగా ఫలకాల పరిమాణాన్ని నిర్ణయించాలి. ఈ క్రమం తారుమారైతే ఇంధనం మారుతుందే తప్ప వృథా ఆగదు.